చీటీల తీగకు కుడి కొస

మొదట్లో గజం చేతిలో ఉన్నవి ఇవి: వీధి మలుపులో ఒక ఇరుకు పుస్తకాల కొట్టు, అందులో సగం వాటా ఉన్న ఒక బావమరిది, ఒక మెట్టు ఊడిన నిచ్చెన, ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించిన ఒక ఇనుప తీగ, గుమ్మం నుంచి గల్లా దాకా కాలు పెట్టే చోటు లేకుండా పేర్చిన పెట్టెలు. ఆ పెట్టెలన్నిట్లో ఉన్నది ఒకే పుస్తకం.

కొట్టు పెట్టకముందు ఆయన బట్టల దుకాణంలో గజంబద్దతో గుడ్డ కొలిచేవాడు. ఆ పేరే వీధిలో నిలిచిపోయింది. ఇప్పటికీ పుస్తకాలను మూరల్లోనే లెక్కేస్తాడు. "కథల పుస్తకాలు రెండు మూరలు, పరీక్ష గైడ్లు నాలుగు మూరలు" అంటుంటే కొత్తవాళ్లు ఆయన మొహంలోకి చూస్తారు.

పెట్టెల్లో ఉన్నది 'నిప్పుకుర్రాడు' రెండో భాగం. మొదటి భాగంలో ఒక వంటవాడి కొడుక్కి వేళ్ల చివర నిప్పు పుడుతుంది. వాడు కోట తలుపు కాల్చేస్తాడు, కొండ మీది రాకాసిని తరిమేస్తాడు. ఆ పుస్తకం పెట్టె విప్పేలోపే అయిపోయేది. అందుకని రెండో భాగం వస్తోందనగానే గజం ముందూ వెనకా చూడలేదు. ఒక్క పేజీ తిప్పకుండా, చుట్టుపక్కల ఏ కొట్టూ తెప్పించనన్ని తెప్పించాడు. చదవకుండా ఎలా కొన్నారని భార్య అడిగితే, "గుడ్డలమ్మినప్పుడు ప్రతిదీ కట్టుకుని చూశానా ఏమిటి?" అన్నాడు.

ఇక తీగ సంగతి. పుస్తకం చదివినవాళ్లు ఎవరైనా తమకు తోచింది చీటీ మీద రాసి, బట్టలారేసే క్లిప్పుతో దానికి తగిలించవచ్చు. కింద గోడ మీద గజం తన చేత్తో పెయింటు వేసి రాసిన నియమం ఉంది: 'పొగడొచ్చు, తిట్టొచ్చు. తగిలించాక తీసేది లేదు.' మొదటి భాగాన్ని అమ్మింది నిజానికి ఆ తీగే. అట్ట మీది బొమ్మ చూసి ఆగినవాళ్ల కంటే తలెత్తి చీటీలు చదివి కొన్నవాళ్లు ఎక్కువ. ఆ చీటీలన్నిటినీ వెనక గోడకు మార్చి, రెండో భాగానికి గజం తీగను ఖాళీగా ఉంచాడు.

రెండో భాగం వచ్చిన మర్నాడే ఆ తీగ ఎదురు తిరిగింది.

మొదటి చీటీ ఒక కాలేజీ అమ్మాయిది. ఎంత లావు పుస్తకమైనా రాత్రి మొదలుపెట్టి పొద్దున్నకల్లా ముగిస్తుంది కాబట్టి కొట్టులో ఆమెను మెరుపు అంటారు. ఎడమ కొసన తగిలించిన చీటీలో ఇలా ఉంది: 'కుర్రాడు పుస్తకమంతా నీళ్లు మోశాడు. కూలైనా ఇప్పించండి.'

"ఏంటమ్మా, నచ్చలేదా?" అని అడిగాడు గజం.

"కోట తలుపు కాల్చినవాడు ఇందులో ఏం చేశాడో తెలుసా అంకుల్? ఒక ముసలి గురువమ్మ దగ్గర చేరి కుండలు కడిగాడు. నీళ్లు మోశాడు. ఆఖర్న ఒక దీపం వెలిగించాడు. ఒక్కటే. ఆ పని మా ఇంట్లో అగ్గిపెట్టె చేస్తుంది."

అప్పుడే పుస్తకం అందుకోబోయిన ఇద్దరు కుర్రాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

ఆ వారం చీటీలు వరసగా వచ్చాయి. 'రాకాసి సెలవు మీద వెళ్లిందా?' అని ఒకరు. 'గురువమ్మ నోరు తెరిస్తే నాకు ఆవలింత' అని ఇంకొకరు. 'మొదటి భాగం రాసిన చెయ్యి ఇదేనా?' అని మరొకరు. వచ్చినవాళ్లు తలెత్తి చదవడం, నవ్వడం, ఉత్త చేతులతో వెళ్లడం. పెట్టెలు మాత్రం పెట్టిన చోటే ఉన్నాయి.

బావమరిది కొలత టేపు తీసుకుని కొట్టు ముందు భాగాన్ని కొలవడం మొదలుపెట్టాడు. అతనికి ఎప్పటినుంచో ఫోను కవర్ల మీద మనసు.

"బావా, ఆ తీగ మన మెడకే చుట్టుకుంది. ముందు ఆ చీటీలు పీకెయ్."

"తీసేది లేదని రాశాం కదరా."

"రాసింది నువ్వే కదా. దాని మీద సున్నం కొట్టేద్దాం."

"గోడ మీద కొట్టొచ్చు. చదివినవాళ్ల బుర్రల మీద ఎలా కొడతాం?"

"పోనీ నేనే రాత మార్చి రెండు మంచి చీటీలు రాయనా? అద్భుతం, అమోఘం అని."

"ఒక్క దొంగ చీటీ ఎక్కిందా, మిగతావన్నీ దొంగవే అయిపోతాయి. అప్పుడు ఈ పుస్తకమే కాదు, ఏ పుస్తకమూ కదలదు."

బావమరిది టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "సరే. నెలాఖరుకి పుస్తకాలేసే కంపెనీ వ్యాను వస్తుంది. మిగిలినవి ఆ రోజే తిరిగిచ్చేయాలి, దాటితే మన నెత్తినే. పెట్టెలు గనక వ్యాను ఎక్కాయంటే, ఈ ముందు భాగం నాది. అద్దాల అర పెట్టి కవర్లు వేలాడదీస్తా. నీ పుస్తకాలు ఆ వెనక చీకట్లో పెట్టుకో. ఏమంటావ్?"

వెనక చీకట్లోకి ఎవరూ రారు. అది ఇద్దరికీ తెలుసు. అయినా సగం వాటా అతనిది కాబట్టి గజం "సరే" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య కిటికీ పక్కన అదే పుస్తకం పట్టుకుని కూర్చుంది. అది తెచ్చిన రోజే మొదలుపెట్టింది.

"ఇంకా అవలేదా?"

"సగంలో ఉన్నాను. కుర్రాడు ఇప్పుడే కుండ దించాడు. వాడితోపాటు నేనూ కాస్త ఊపిరి పీల్చుకోవాలిగా."

"విసుగనిపించడం లేదా?"

"విసుగైతే మిమ్మల్ని వంటలో సాయం చెయ్యమని ఎప్పుడో అడిగేదాన్ని. పుస్తకం చేతిలో ఉంది కాబట్టి బతికిపోయారు."

గజం అక్కడే ఆగిపోయాడు. గుడ్డలు కొలిచిన రోజులు గుర్తొచ్చాయి. రంగు వెలిసిన గుడ్డ కొన్నవాడు మర్నాడే దుకాణం ముందు నిలబడి గొడవ చేసేవాడు. మన్నిన గుడ్డ కొన్నవాడు ఏడాదికి గానీ కనిపించేవాడు కాదు. మొదటి వారం గొడవలను బట్టి సరుకు మంచీ చెడ్డా తేల్చిన కొత్త గుమాస్తాలు ఎన్నో మంచి తానులు చవగ్గా వదిలించేసి, తర్వాత నెత్తి కొట్టుకునేవారు. తను ఇప్పుడు చేస్తున్నది అదే. తీగ మీద ఉన్నవన్నీ ఒక్క రాత్రిలో చదివినవాళ్ల చీటీలు. నిదానంగా చదివేవాళ్లు ఇంకా కుండ దించుతున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయన పెయింటు డబ్బా విప్పి గోడ మీద ఇంకో వాక్యం రాశాడు: 'ఎన్నాళ్లలో చదివారో కూడా రాయండి. ఒక్క పూటలో అయితే ఎడమ కొసన. ఎన్నాళ్లు పడితే అంత కుడికి.' అప్పటికే ఎడమ కొసన చీటీలు కిక్కిరిసి ఉన్నాయి. మిగతా తీగంతా బోసిగా ఉంది.

"ఆ వైపు ఎవరున్నారు బావా, సాలెపురుగు తప్ప?" అన్నాడు బావమరిది.

"సాలెపురుగు కూడా తొందరపడదురా" అని గజం తను కూడా ఒక పుస్తకం విప్పి కూర్చున్నాడు.

ఎడమ నుంచి కాస్త ఇవతలగా మొదటి చీటీ తగిలించినవాడు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. 'వారం పట్టింది. గురువమ్మ కష్టం నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా మొదటి రోజే పెద్ద రోడ్డు ఎక్కించమంటారు.' దాని పక్కన నర్సు కోర్సు చదువుతున్న ఒకామె చీటీ చేరింది: 'పది రోజులు, డ్యూటీ మధ్య. మాకూ మొదట నేర్పింది చేతులు కడుక్కోవడమే. కుర్రాడు మూడోసారి కుండ కడిగిన చోట మా వార్డులో అందరం నవ్వి, తర్వాత ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నాం.' ఇంకా కుడికి, ఎదురింటి దర్జీ ఆమె చీటీ: 'మూడు వారాలు. రెండో అధ్యాయం సాగదీశారు. ఆఖరి అధ్యాయానికి నా మిషను ఆగిపోయింది.'

ఇప్పుడు కొట్టులోకి వచ్చినవాళ్లు ఎడమ కొసన మొదలుపెట్టి తీగ వెంట మెల్లగా నడిచేవాళ్లు. మొదట నవ్వేవాళ్లు. మధ్యకు వచ్చేసరికి నవ్వు తగ్గేది. కుడివైపు నిలబడి పెట్టెల వంక చూసేవాళ్లు. ఒక్కో పుస్తకం కదలడం మొదలైంది. కానీ పెట్టెలు చాలా ఉన్నాయి, నెలాఖరు దగ్గరికొచ్చేసింది.

మెరుపు ఒకరోజు వచ్చి గోడ మీది కొత్త వాక్యం చదివి మూతి ముడిచింది.

"అంటే ఎడమ కొసలో ఉన్నవాళ్లం చదవడం రానివాళ్లమనా అంకుల్?"

"నేనలా రాయలేదమ్మా."

"రాయలేదు. వేలాడదీశారు."

డ్రైవింగ్ మాస్టారు పక్కనే ఉన్నాడు. "కుర్రాడు కుండతో కొండెక్కిన చోట గురువమ్మ ఏమందో చెప్పు తల్లీ, ఒప్పుకుంటాను."

మెరుపు ఆలోచించింది. "ఆ పేజీలు దాటేశాను" అంది చివరికి. "ఒక పేజీలో నీళ్లు మోస్తే, తర్వాతి పేజీలోనూ నీళ్లే కదా అనుకున్నా."

"నేనూ రోజూ అదే రోడ్డులో తిప్పుతాను. అదే రోడ్డు అనుకున్నవాడే గోడకు గుద్దుతాడు."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. పోయిందిరా ఒక మంచి బేరం అనుకున్నాడు గజం.

వ్యాను వచ్చేనాటికి గజం ఆఖరి అధ్యాయం పూర్తి చేశాడు. కంపెనీ మనిషి చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. వ్యాను నిండా ఇతర కొట్ల నుంచి తిరిగొచ్చిన రెండో భాగాలే.

"ఎవరూ ఉంచుకోవడం లేదు గజంగారూ. మూడో భాగం అచ్చు వెయ్యాలా వద్దా అని మావాళ్లు తల పట్టుకున్నారు. మీవి కూడా ఎత్తమంటారా?"

బావమరిది అప్పటికే చొక్కా చేతులు మడిచి ఒక పెట్టె భుజానికెత్తాడు. బయట ఫోను కవర్ల అద్దాల అర ఆటోలో సిద్ధంగా ఉంది.

"దించరా" అన్నాడు గజం.

"బావా, ఈ రోజు దాటితే ఇక తీసుకోరు."

"తెలుసు. దించు. ఒక్క పెట్టె కూడా వ్యాను ఎక్కదు."

"అమ్ముడుపోకపోతే?"

"ముందు భాగం నీది. వెనక భాగం కూడా నీదే. నా వాటా రాసిస్తాను."

బావమరిది పెట్టెతో సహా అలాగే నిలబడిపోయాడు. బావ వ్యాపారంలో ఇంత మాట అనగా అతను ఎన్నడూ వినలేదు.

"ఏముంది అంత ఆ పుస్తకంలో?"

"కోట తలుపు కాల్చిన నిప్పు వాడిది" అన్నాడు గజం. "ఆఖర్న తుఫానులో పడవలు ఒడ్డు కనపడక తిరుగుతుంటాయి. గోపురం మీద దీపం ఆరిపోయింది. పైకెక్కి అంటించాలి. వాడి నిప్పు వదిలితే గోపురమే తగలబడుతుంది. దాన్ని గోరంత చేసి అరచేతిలో పట్టుకుని, ఆ గాలిలో అన్ని మెట్లూ ఎక్కాలి. నీళ్లు ఒలకకుండా కుండ మోసిన చెయ్యి కాబట్టి వణకలేదు. పుస్తకమంతా మోసింది నీళ్లు కాదురా, ఆ దీపాన్ని."

కంపెనీ మనిషి చేతిలోని కాగితాలు మూసేశాడు. "నేను చదవలేదండీ. నాకొకటివ్వండి" అన్నాడు.

అప్పుడే గుమ్మంలో గలగల వినిపించింది. మెరుపు. ఒక్కతే కాదు. వెనక ఆమె క్లాసంతా ఉన్నట్టుంది. ఆమె నిచ్చెన లాక్కుని కుడి కొసకు వెళ్లింది.

"మూడో మెట్టు లేదమ్మా, జాగ్రత్త" అన్నాడు గజం.

"నిదానంగానే ఎక్కుతున్నాను అంకుల్."

ఎక్కి, చీటీ తగిలించి దిగింది. బావమరిది పెట్టె దించి, మెడ చాచి పైకి చదివాడు: "'రెండోసారి. రోజుకో అధ్యాయం. ఆ దీపం అగ్గిపెట్టెతో వెలగదు.'"

"ఎడమ కొసన ఉన్న నీ పాత చీటీ తీసేయనా తల్లీ?" అని అడిగాడు అతనే, మెత్తగా.

"తీసేది లేదని గోడ మీద ఉంది కదండీ. ఉండనివ్వండి. రెండూ నావే."

ఆమె స్నేహితులు ఎడమ కొసన మెరుపు తిట్టు చదివారు. వరసగా నడుచుకుంటూ వచ్చి కుడి కొసన అదే చేతిరాత చదివారు. ఆ తర్వాత బావమరిదికి పెట్టెలు విప్పడానికి కత్తి కావాల్సి వచ్చింది. సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. నర్సు అమ్మాయి వార్డు నుంచి, దర్జీ ఆమె దగ్గర కుట్టు నేర్చుకునేవాళ్ల నుంచి, డ్రైవింగ్ స్కూలు నుంచి జనం వచ్చారు. ఇద్దరు ముగ్గురు పుస్తకం కొని, అక్కడే నిలబడి, ఎవరు ఎక్కువ నిదానంగా చదువుతారో పందెం వేసుకున్నారు. గుమ్మం నుంచి గల్లా దాకా నేల కనిపించింది.

కంపెనీ మనిషి వారం తర్వాత ఫోన్ చేశాడు. తను ఆఖరి అధ్యాయం చదువుతూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయాడట. చీటీలన్నిటినీ ఫొటోలు తీసి పంపమన్నాడు. వాటిని చూశాక పైవాళ్లు మూడో భాగం అచ్చుకు ఇచ్చేశారు. అతను మళ్లీ ఫోన్ చేసి, మూడోది ఎన్ని కావాలి, తిరిగొచ్చిన రెండో భాగం పెట్టెల్లో సగం ఇదే కొట్టుకు పంపమంటారా అని అడిగాడు.

"ముందు నేను చదివి చెప్తాను, మూడోది" అన్నాడు గజం. "ఇవైతే పంపండి."

అద్దాల అర మాత్రం వెనక్కి వెళ్లలేదు. వెనక చీకట్లో ఒక దీపం పెట్టి, బావమరిది అక్కడే ఫోను కవర్లు వేలాడదీశాడు. పుస్తకాల కోసం వచ్చిన జనం అక్కడిదాకా వెళ్తున్నారు కాబట్టి అవీ పోతున్నాయి. బేరాలు లేనప్పుడు అతను ఆ దీపం కింద నిప్పుకుర్రాడు చదువుతుంటాడు. ఎంతవరకు వచ్చిందని అక్క అడిగితే, "తొందరపెట్టకక్కా, ఇప్పుడే కుండ ఎత్తాను" అంటాడు.

ఆఖరి లెక్క చూసుకుంటే గజానికి మిగిలినవి ఇవి: కొట్టు ముందు భాగం, ఎండ పడే చోటుతో సహా, రెండు కొసలూ నిండిపోయి ఇంకో రెండు మూరలు పొడిగించాల్సి వచ్చిన తీగ, మూడో మెట్టు కొత్తగా వేయించిన నిచ్చెన, ఎడమన ఒకటి, కుడిన ఒకటి చీటీ ఉన్న ఒక మెరుపు, చదివే ఒక బావమరిది, అమ్మేముందు సరుకు విప్పి చూసే అలవాటు. పోయిన వాటి కింద వేయాల్సింది ఒక్కటే కనిపించింది. కుడివైపు సాలెపురుగుకు చోటు లేకుండా పోయింది.