నెమలికి పెట్టిన కన్ను

బోధన్ శక్కర్‌నగర్ దగ్గరి గల్లీలో గోదావరి బీడీలు చుట్టేది. చేతులు ఖాళీ అయితే పాత బొంత ఒకటి ముందేసుకునేది. చెరకు బండ్ల నుంచి రాలిన గంటలు, గాజు పెంకులు, చొక్కా గుండీలు, సైకిలు బెల్లు మూతలు, దారిలో ఏది దొరికినా తెచ్చి బొంత మీద చెట్లుగా, పిట్టలుగా కుట్టేది. మొదట్లో గల్లీవాళ్లు నవ్వారు. నిజామాబాద్‌లో మహిళా సంఘాల ప్రదర్శన జరుగుతుందని, అందులో ఆమె బొంత కూడా పెడతారని తెలిశాక నవ్వడం మానేశారు.

ఆ పాత బొంత రాధాబాయి తల్లి కట్టిన చీరలతో కుట్టినది. రాధాబాయి పక్క సందులో ఉంటూ, గోదావరి గల్లీలోనే ఉండే హన్మవ్వ ఇంట్లో అంట్లు తోమేది. "మా అవ్వ కట్టినయి అక్కా. నీ చేతుల పడితే పదిమంది సూస్తరు" అని తనే తెచ్చి ఇచ్చింది.

బొంత మీద నెమలి అంతా కుదిరింది గానీ కన్ను కుదరలేదు. ఏ గుండీ పెట్టినా గుడ్డిచూపే. ఒక పొద్దున గల్లీ ఊడుస్తుంటే మట్టిలో ఎర్రరాయి ముక్కుపుల్ల మెరిసింది. ఎవరిదో అడగాలి అనుకుంటూనే గోదావరి సూదికి దారం ఎక్కించింది. కుట్టగానే నెమలికి ప్రాణం వచ్చింది.

సాయంత్రం హన్మవ్వ వచ్చింది. "గోదావరీ, నా ముక్కుపుల్ల కనవడ్తలేదు. ఏడన్న సూసినవా?"

బొంత మడతపెట్టి గోదావరి ఒళ్లోనే ఉంది.

"లే అక్కా, సూడలే."

ఆ కన్ను పీకబుద్ధి కాలేదు. అంతకు మించి కారణం లేదు.

మర్నాడు నల్లా దగ్గర అందరి ముందు హన్మవ్వ రాధాబాయిని పట్టుకుంది. "నా ఇంట్లకొచ్చేది నువ్వొక్కదానివే. యాడ వెట్టినవ్?" రాధాబాయి పిల్లల మీద ఒట్టేసి ఏడ్చింది. గోదావరి బిందెలో నీళ్ల వైపే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత రాధాబాయిని ఎవరూ పనికి పిలవలేదు. ఆమె వర్ని ఊరి వైపు వరినాట్లకు కూలికి పోయింది.

ప్రదర్శనలో నెమలి ముందు జనం ఆగి ఆగి చూశారు. కన్ను బాగా కుదిరిందన్నారు. అన్నప్పుడల్లా గోదావరి తల వంచుకుంది. చూసినవాళ్లు అది అణకువ అనుకున్నారు.

తల్లి చీరలు చూసుకుందామని రాధాబాయి వర్ని నుంచి బస్సెక్కి వచ్చింది. బొంత అంచులు చేత్తో నిమిరింది. నెమలి దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. హన్మవ్వ ముక్కున రోజూ చూసిన రాయి అది.

"ఇది నీ తాన ఉన్నదా అక్కా?" మెల్లగా అడిగింది. "ఆ దినం నల్లా కాడనే ఉంటివి గదా."

గోదావరి నెమలి కన్ను మీద అరచెయ్యి కప్పింది. రాధాబాయి వెళ్లిపోయింది.

ప్రదర్శన ముగిసేదాకా గోదావరి ఆగలేదు. బొంత దించుకుని బోధన్ వచ్చి, హన్మవ్వ ముందే దారం కత్తిరించి ముక్కుపుల్ల చేతిలో పెట్టింది. జరిగింది చెప్పింది. హన్మవ్వ ముక్కుపుల్లను కొంగుకు ముడేసుకుంది. "దాన్ని దొంగ అన్న గదనే నేను" అంది.

ఇద్దరూ కలిసి వర్ని వెళ్లారు. మోకాళ్ల దాకా బురదతో రాధాబాయి గట్టెక్కి వచ్చింది. తప్పయిందని, మళ్లీ తన ఇంట్లో పనికి రమ్మని హన్మవ్వ బతిమాలింది. రాధాబాయి గోదావరినే చూసింది.

"నన్ను దొంగ అన్నది నల్లా కాడ. గీడికొచ్చి చెవుల చెప్తే ఏమొస్తది?"

మర్నాడు నీళ్ల వేళకు గోదావరి నల్లా దగ్గర నిలబడి చెప్పింది. గొంతు పైకి రాలేదు. "ఇనవడలే, మళ్ల చెప్పు" అంది వెనక నుంచి ఒకామె. గోదావరి మళ్లీ చెప్పింది, గట్టిగా, మొదటి నుంచీ. ఎవరిదో బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ జరపలేదు.

నాట్లు అయ్యాక రాధాబాయి తిరిగి వచ్చి వేరే ఇంట్లో పనికి కుదిరింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. ఎదురుపడితే "మంచిగున్నవా అక్కా" అని అందరినీ అడిగినట్టే అడిగేది. గోదావరి "ఆఁ" అని, ఆమె సందు మలుపు తిరిగేదాకా తల ఎత్తేది కాదు.