నీళ్లు పోస్తూ పిలిచే పేర్లు

అమెరికాలో మా నెవార్క్ ఊరి పార్కులో ర్యాప్ కచేరీ మొదలయ్యే ముందు మొక్క మొదట్లో నీళ్లు పోస్తూ మా నల్లవాళ్లలో చనిపోయినవారి పేర్లు పిలుస్తాం. ఒక్కో పేరుకీ జనం "ఆషే", అంటే అలాగే అగుగాక, అంటారు. ఈ అలవాటు తెచ్చింది మా తమ్ముడు లమోంట్. మార్చిలో పోలీసులు వాణ్ణి కాల్చి చంపారు.

ఈసారి నీళ్ల కూజా, మైకూ నా చేతికిచ్చి, కచేరీ పెట్టిన డెల్రాయ్ గొంతు తగ్గించాడు.

"అక్కా, పాతవాళ్లని ఎంతమందినైనా పిలువు. లమోంట్ పేరు మాత్రం వద్దు. పోలీసులు కచేరీ ఆపేస్తారు."

"వందేళ్ల కింద పోయినవాళ్లయితే పోలీసులకి ఫరవాలేదా?"

"నాకు పాఠం చెప్పకు టీచరమ్మా. వాడి పాటలే కదా పాడేది."

పాత పేర్లన్నీ పిలిచాను. డెల్రాయ్ మైకు కోసం చెయ్యి చాచాడు. నేనివ్వలేదు.

"లమోంట్," అన్నాను.

అప్పటికే అతను వైరు పీకేశాడు. ముందు వరుసలవాళ్లు "ఆషే" అన్నారు. వెనకవాళ్లు ఎవరి పేరని ఒకరినొకరు అడుగుతున్నారు.