దుంగల బండికి దిష్టి నిమ్మకాయలు

ఆ రోజు భవితకు పరీక్ష. కొండ మీది స్టేషన్ దాకా ఆవిరి తగ్గకుండా బండిని చేర్చితే, ఇంజన్‌లో బొగ్గు వేసే ఉద్యోగం ఆమెదే. చేర్చలేకపోతే క్యారీలోని ఇంటికి వెళ్లిపోయి మళ్లీ సాఫ్ట్‌వేర్‌లో చేరాలని తండ్రి మల్లికార్జునరావు మాట తీసుకున్నాడు. కూతురు ఓడిపోతే వెంటనే కార్లో ఎక్కించుకుపోదామని భార్య జయంతిని వెంటబెట్టుకుని పనిమాలా వెస్ట్ వర్జీనియా దాకా వచ్చాడు మహానుభావుడు.

ఆ ఇంజన్ ఒకప్పుడు ఈ కొండల మీంచి దుంగలు దించేది. కలప కంపెనీ కొండను నున్నగా గొరిగేసి, లాభాలు మూటగట్టుకుని చక్కా పోయింది. అడవి మళ్లీ పెరిగింది. ఇప్పుడు అదే దారిలో టూరిస్టులను తిప్పుతున్నారు.

డ్రైవర్ ఎర్ల్ విజిల్ వేసి ఆవిరి వదిలాడు. బండి కదల్లేదు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఆ విసురుకి పొయ్యిలోని నిప్పంతా చెదిరి పొగగొట్టంలోకి ఎగిరిపోయింది. పొద్దుటి నుంచీ ఓపికగా పేర్చుకున్న నిప్పు! భవితకు ఏడుపొచ్చినంత పనైంది. కిందికి దిగి చూస్తే చక్రాల కింద చితికిన నిమ్మకాయలు, పట్టాల మీద కొబ్బరి ముక్కలు.

“అమ్మా! ఇది నువ్వేనా?”

“కొత్త కారుకి పెట్టమా ఏంటి? నీ ఇంజన్‌కి దిష్టి తగలకూడదనే కదే!” అంది జయంతి బిక్కమొహం వేసుకుని.

ఎర్ల్ నవ్వాపుకుంటూ, తప్పు భవితది కాదు కాబట్టి పరీక్ష వచ్చే వారం పెట్టుకుందాం అన్నాడు. భవిత తలూపేదే. కానీ వెనక పెట్టెలోంచి తండ్రి గొంతు వినిపించింది.

“చూశావా, ఇంజన్ కూడా నిన్ను వద్దంటోంది. బ్యాగ్ ప్యాక్ చేసుకో.”

అంతే, ఒళ్లు మండిపోయింది.

“నో. ఇవాళే వెళ్తా.”

పట్టాలు తుడిచి ఇసుక చల్లింది. చిన్న బొగ్గు ముక్కలతో నిప్పును మళ్లీ రాజేసింది. బండి కదిలింది. మలుపు తిప్పడానికి చోటు లేని కొండ అది. దుంగల కాలంలో వేసిన దారి కాబట్టి బండి కొంత ముందుకెళ్లి ఆగుతుంది, పట్టా మార్చుకుని వెనక్కి నడుస్తూనే ఇంకా పైకెక్కుతుంది. అలా ఆగిన చోట ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు దిగడం మొదలుపెట్టింది. ఎర్ల్ పార కోసం చెయ్యి చాచాడు. భవిత ఇవ్వలేదు. చేతులు బొబ్బలెక్కినా, కళ్లల్లో చెమట కారినా బొగ్గు వేస్తూనే ఉంది. ముల్లు మొండికేసి, మొండికేసి, చివరికి లేచింది.

పైన స్టేషన్‌లో ఎర్ల్ ఆమెతో చెయ్యి కలిపి, రేపు పొద్దున్నే డ్యూటీకి రమ్మన్నాడు. మల్లికార్జునరావు దగ్గరికొచ్చి కూతురి మసిమొహాన్ని చాలాసేపు చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. అయినా పట్టు వదిలే మనిషి కాదు.

“ఒప్పుకున్నాను తల్లీ, గెలిచావు. ప్రూవ్ చేశావు కదా, ఇంక ఇంటికెళ్దాం పద.”

“నీకు ప్రూవ్ చెయ్యడానికి కాదు నాన్నా, ఇక్కడ ఉండడానికి వచ్చాను. కొంచెం జరుగు, బండికి నీళ్లు పట్టాలి.”