ఆ రోజు ఫ్యాను తిరుగుతూనే ఉంది

ముఖేష్ నా కంప్యూటర్ సెంటరుకు వచ్చిన రోజు నాకు కోపం రాలేదు, సంతోషం కలిగింది. ఏడేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి తనంతట తానే నడిచొచ్చాడు.

1998లో కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర అతనికి వీడియోగేముల అంగడి ఉండేది. టీవీకి తగిలించే ఆ పెట్టె, కరెంటు తీసేస్తే అన్నీ మరిచిపోయేది. అందుకని ఆట ముగిశాక వచ్చిన పాయింట్లను ముఖేష్ సుద్దముక్కతో గోడమీద రాసేవాడు. గోడమీద లేకపోతే ఆడనట్టే. పైన ఎప్పుడూ అతని పేరే ఉండేది. ఒకరోజు ట్యాంకుల ఆటలో నేను అతని పాయింట్లను దాటేశాను. ఆఖరి స్టేజీలో ఉండగా టీవీ నల్లబడింది.

"కరెంటు పోయింది. లెయ్ మే, ఇంటికి పో," అన్నాడు ముఖేష్. ప్లగ్గు అతని చేతిలోనే ఉంది. నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. మగపిల్లలంతా నవ్వారు. నాతో చదివే తిప్పేష్ ఫ్యాను వైపు చూసి తల దించుకున్నాడు. పదిహేనేళ్ల దాన్ని, బస్సులో ఇంటిదాకా ఏడ్చాను.

ఇప్పుడు ఆ అంగడి లేదు. ముఖేష్, వాళ్ల నాన్న నడిపే బట్టల కొట్లో కూర్చుంటున్నాడు.

"హేమావతీ, ఆ ట్యాంకుల ఆట కంప్యూటర్లో ఆడొచ్చంట కదా. నేర్పిస్తావా? ఆ ఆఖరి స్టేజీ నేనెప్పుడూ గెలవలేకపోయినా."

"దానికేముండాది అన్నా, కూర్చో."

ఎమ్యులేటర్ అంటే పాత పెట్టెలా పనిచేసే ప్రోగ్రాం అని చెప్పాను. అప్పట్లో పెట్టెలో దూర్చే క్యాసెట్టులోని ఆట కూడా ఫైలుగా ఉండాలి. ప్రోగ్రాం తెరిచి ఆ ఫైలును చూపించాలి, ఏ మీటకు ట్యాంకు కదలాలో, ఏ మీటకు గుండు పేలాలో కుదుర్చుకోవాలి. అతనికి మౌసు పట్టుకోవడమే రాదు. మూడు రోజులు పొద్దున పూట ఓపిగ్గా నేర్పాను. F5 నొక్కితే ఆట ఉన్నచోట ఉన్నట్టే భద్రమవుతుందని, F7 నొక్కితే అక్కడినుంచే మళ్లీ మొదలవుతుందని మాత్రం చెప్పలేదు.

మా సెంటరు ఊరి చివర, పొలాల కరెంటు లైనుమీద ఉంది. ఆ లైనుకు కోత వేళలు వారం వారం మారతాయి. బోరు మోటారున్న ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు తెలుసు. అంగట్లో పుట్టినవాడికి తెలీదు. పోయిన వారం మూడింటికి పోయేది, ఈ వారం రెండింటికే. నా యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

నాలుగో రోజు పన్నెండింటికి కూర్చున్నాడు. రెండుకు ఐదు నిమిషాలుండగా ఆఖరి స్టేజీకి చేరాడు. "నీళ్లు తాగన్నా," అని చెంబు అందిస్తూ రెండో చేత్తో F5 నొక్కాను. చెంబు దించి మళ్లీ మొదలుపెట్టాడు. ఇంక రెండు ట్యాంకులుండగా తెర నల్లబడింది.

"కరెంటు పోయింది," అన్నాను. "ఈసారి ఫ్యాను కూడా ఆగింది, చూడు."

ఇప్పుడు ఆటో నడుపుతున్న తిప్పేష్ జిరాక్సు కోసం వచ్చి అక్కడే ఉన్నాడు, ఈసారి తల దించుకోలేదు. "అన్నా, ఆ పొద్దు నీ అంగట్లో ఫ్యాను తిరుగుతానే ఉన్నింది. నేను చూసినా," అన్నాడు.

ముఖేష్ మొహం మాడిపోయింది.

"నీ ఆట కంప్యూటర్లో దాచినా. కరెంటు వస్తే తెరిచి చూపిస్తా," అన్నాను. "ముందు నేను క్లాసులు చెప్పే ఆ నల్లబోర్డుమీద నిజం రాయి."

ముఖేష్ కుర్చీ వెనక్కి జరిపాడు. తర్వాత లేచి సుద్దముక్క తీసుకుని, "ప్లగ్గు నేనే పీకినా" అని రాశాడు. దాని కింద హేమావతి, 1,86,400 అని రాశాడు.

ఆ రోజు నాకు వచ్చిన పాయింట్లవి, ఆ అంకె నేను చెప్పలేదు. ఇన్నాళ్లూ నాకొక్కదానికే గుర్తుందనుకున్నాను. చివరి సున్నాదాకా గుర్తుంచుకుని కూడా నోరు మూసుకున్నాడని తెలిశాక, నాలో మిగిలిన కాస్త జాలి కూడా పోయింది.

నాలుగింటికి కరెంటు వచ్చింది. F7 నొక్కాను. ఆఖరి స్టేజీలో అతని ట్యాంకు నిలబడి ఉంది. చిన్నపిల్లాడిలా నవ్వాడు. మాటిచ్చినట్టు చూపించాను. తర్వాత ఆటను మొదటి స్టేజీకి తిప్పి, దాచినదాని మీదే మళ్లీ F5 నొక్కాను. పాతది చెరిగిపోయింది.

"ఎందుకట్ల చేస్తివి?" అన్నాడు.

"కరెంటు పోయిందన్నా. లేసి ఇంటికి పో."

అతను పైకి చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.