అన్ని తాళాలకూ ఒకే చెవి

హుంగేను నేను చంపబోయాను. కావాలని కాదు, దీపాల వేళకు దుకాణంలో లైటు వెయ్యబోయి. ఈ సంగతి నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ పిల్ల ఎవరికీ చెప్పదు.

మాది కొంటా ఊళ్ళో బట్టల దుకాణం. కింద రోజువారీ బట్టలు, పైన పెళ్ళి బట్టలు. ఆ పైగదికి మా అబ్బాయి చెన్నకేశవులు రెండేళ్ళ కిందట ప్యాకేజీ ఏసీ పెట్టించాడు. గోడకు తగిలించే రకం కాదు, బీరువా అంత మిషను. అది గదిలో ఒక మూల నిలబడుతుంది, దాని జోడు డబ్బా డాబా మీద ఉంటుంది, రెంటినీ రాగి గొట్టాలు కలుపుతాయి. పట్టుచీరల కోసం భద్రాచలం బస్సెక్కే వాళ్ళను ఆపాలంటే చల్లగాలి ఉండాలని మావాడి వాదన. నలభై ఏళ్ళు విసనకర్రతో అమ్మాం, చీరలకేమన్నా చెమట పట్టిందా అని నేనడిగాను. నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

మిషను బిగించడానికి వచ్చిన మనిషిని చూసి ఇంకా చిర్రెత్తుకొచ్చింది. మెకానిక్ వస్తాడని నేను ఎదురుచూస్తుంటే, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న ఆడమనిషి సంచీ దించి నిలబడింది. పేరు హుంగే, మా చుట్టుపక్కల అడవి పల్లెల్లో దొర్లోళ్ళ పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు బిడ్డల తల్లి. ఐటీఐ చదివి, గనుల టౌన్‌షిప్పులో ఆరేళ్ళు మిషన్లు బాగుచేసి, ఇప్పుడు సొంతంగా సుక్మా నుంచి కొంటా దాకా తిరుగుతోంది. మాతో తెలుగు మాట్లాడుతుంది, సామాను దించే లారీవాళ్ళతో హిందీ, ఫోనులో వాళ్ళమ్మతో తమ దొర్లి భాష.

వచ్చిన రోజే నన్ను రెండు గంపల బొగ్గులూ, ఒక బస్తా రాళ్ళ ఉప్పూ అడిగింది. మిషనుకు దిష్టి తీస్తుంది కాబోలనుకుని నాకు ఆమె మీద మొదటిసారి కొంచెం గురి కుదిరింది. తీరా చూస్తే పెరట్లో మనిషిలోతు గొయ్యి తవ్వించి, అందులో ఇనుప గొట్టం దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా నింపింది. ఎర్తింగట. మిషను రేకుకు ఎప్పుడన్నా కరెంటు తగిలితే ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ గోతిలోకి పోతుందట. ఎండాకాలం దాన్ని ఆరనివ్వొద్దని కూడా చెప్పింది. అప్పటినుంచి పొద్దున్నే తులసికి పోసిన చెంబుతోనే దానికీ నీళ్ళు పోస్తున్నాను. కోపం నా నోటికే గాని చేతికి లేదు.

తరవాత ఏడాదికి రెండుసార్లు మిషను చూడడానికి వచ్చేది. వచ్చీరాగానే మెట్ల కిందున్న మెయిను స్విచ్చు పిడి దించి, దానికి తన సంచీలోని ఎర్రతాళం వేసి, చెవి చొక్కా జేబులో వేసుకునేది. ఆ పైన మేడెక్కి, టెస్టరు పెట్టి చూసి, అప్పుడు గాని మిషను లోపల చెయ్యి పెట్టేది కాదు. గ్యాసు పట్టేటప్పుడు కిటికీలన్నీ తెరిపించి మమ్మల్ని కిందికి పంపేసేది. అదంతా నాకు అతిగా కనిపించేది. దుకాణానికంతటికీ ఉన్నది ఒకే మెయిను. నా దుకాణంలో, నా మెయిను మీద, పరాయి తాళం వేలాడడం చూస్తే ఒళ్ళు మండేది.

ఇక్కడ మా తాళాల సంగతి చెప్పాలి. మా మామగారికి ముగ్గురు కొడుకులు. చింతపండు, ఇప్పపువ్వు, బట్టలు, ఇన్ని వ్యాపారాలకు ఏడు గోదాములుండేవి. లారీ ఏ వేళకు వచ్చినా ఇంట్లో ఉన్న కొడుకెవరైనా వెళ్ళి తలుపు తియ్యాలి. చెవి నీ దగ్గరుందా నా దగ్గరుందా అని అన్నదమ్ములు మాటామాటా అనుకోకూడదని ఆయన అలీగఢ్‌లో చెప్పి రెండు డజన్ల ఇత్తడి తాళాలు చేయించారు. అన్నిటికీ ఒకే చెవి. వేరుకాపురాలయ్యాక కూడా ఎవరమూ వాటిని మార్చలేదు, మారిస్తే ఒకళ్ళనొకళ్ళం అనుమానించినట్టు అవుతుంది. ఇవాళ్టికీ మా కుటుంబంలో పదకొండుమంది దగ్గర ఆ చెవి ఉంది. నలుగురిలో ఆ ముచ్చట చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది.

మొన్న ఏప్రిల్లో పైగదిలో మిషను చల్లదనం ఇవ్వడం మానేసి మాడు వాసన కొట్టింది. మావాడు సరుకు కోసం జగదల్‌పూర్ వెళ్ళాడు. నేను ఫోను చేస్తే మధ్యాహ్నం మూడింటికి హుంగే సుక్మా బస్సు దిగి నేరుగా వచ్చింది. మెయిను దించి సంచీ అంతా తడిమి, ఒక తాళం ఇప్పించమని అడిగింది. నీ ఎర్రతాళం ఏమైందన్నాను. సుక్మాలో ఒక ఆఫీసు స్విచ్చుకు వేసి వచ్చిందట. అక్కడ పని ఇంకా కాలేదనీ, తనతో వచ్చిన మనిషి లోపల పనిచేస్తున్నాడనీ, అతను బయటికి రాకుండా తాళం తీసుకురాకూడదనీ చెప్పింది.

నేను మేకుకు వేలాడుతున్న ఇత్తడి తాళం ఒకటి చెవితో సహా తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక క్షణం చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. నీ ఎర్రతాళం కంటే ఇదేం తీసిపోయింది, మా మామగారి నాటిదని గట్టిగానే అన్నాను. ఆమె తాళం పట్టుకుని మెయిను దగ్గరికి నడిచింది. మెయిను మూత తీసి లోపలేదో సర్ది, మళ్ళీ మూసి, తాళం వేసి మేడెక్కింది.

పని తెమల్లేదు. నాలుగున్నరకు కిందికి దిగి మంచినీళ్ళు తాగుతూ, జాలీ నిండా దూది పేరుకుని గాలి ఆడడం లేదని, కడిగి ఆరబెట్టానని చెప్పింది. ఇంకా కొంచెం పనుందని మళ్ళీ పైకి వెళ్ళింది. ఆ కొంచెం పని ఏమిటో నేనడగలేదు. జాలీ ఆరాక బిగించడమే కాబోలనుకున్నాను.

ఆరు దాటింది. సందెవేళ అయింది. మా దుకాణంలో వెంకటేశ్వరస్వామి పటం ముందు ఒక చిన్న ఎర్రబల్బు ఉంటుంది. కొంటాలో మా దుకాణానికి కరెంటు వచ్చిన రోజు మా ఆయన తన చేత్తో పెట్టింది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. దీపాల వేళకు ఆ బల్బూ దుకాణం లైట్లూ వేసి చేతులు జోడించడం నేను ఒక్కరోజూ తప్పలేదు. కరెంటు పోతే అది సర్కారు తప్పు. ఉండీ వెయ్యకపోతే అది నా తప్పు.

నూనెదీపం వెలిగించాను. మనసు నిలవలేదు. వీధిలో అన్ని దుకాణాలూ వెలుగుతున్నాయి, మాది ఒక్కటే చీకటిగా ఉంది. మెట్ల దగ్గర నిలబడి, ఇంకెంతసేపని కేకేశాను. ఇంకొంచెంసేపమ్మా అని పైనుంచి జవాబొచ్చింది. ఆ జవాబు నాకు బాగా వినిపించింది. వినపడలేదని చెప్పడానికి నాకు వీల్లేదు.

ఒక్క నిమిషం వేసి, దండం పెట్టుకుని తీసేస్తే ఏమవుతుందనుకున్నాను. మిషనుకు పైన దాని స్విచ్చు దానికి వేరే ఉండనే ఉంది కదా అనుకున్నాను. ఇవన్నీ నిజంగా అనుకున్నానో, తరవాత నాకు నేను చెప్పుకున్నానో ఇప్పుడు తెలియదు. చెయ్యి మాత్రం తన అలవాటున తాను మొలలోని గుత్తి తీసింది. చెవి తిప్పగానే తాళం నెయ్యి రాసినంత సాఫీగా ఊడింది. పిడి ఎత్తాను.

ఠక్‌మంది గాని బల్బు వెలగలేదు.

దించి మళ్ళీ ఎత్తాను. లేదు. బాగుచెయ్యడానికి పిలిస్తే ఉన్నది కాస్తా పాడుచేసిందని నాకు తిక్క రేగింది. ఫోను లైటు వేసుకుని మెట్లెక్కాను. మోకాళ్ళ నొప్పి కూడా గుర్తురాలేదు. పదిహేను మెట్లకూ పదిహేను తిట్లు కూడబెట్టుకున్నాను.

పైన హుంగే తలకు టార్చి కట్టుకుని మిషను ముందు గొంతుక్కూచుని ఉంది. ముందు రేకు విప్పేసి ఉంది. రెండు చేతులూ మణికట్ల దాకా వైర్ల మధ్యలో ఉన్నాయి. వేలు లావు రాగితీగను వొట్టి వేళ్ళతో పట్టుకుని మరలోకి దోపుతోంది. పక్కన మాడి నల్లబడ్డ పాత వైరు ముక్క పడుంది. నాకు మిషన్ల సంగతి తెలియదు. కానీ మెయిను నుంచి కరెంటు మొదట వచ్చేది ఆ తీగలోకేనని, దానికి ముందు ఇంకే స్విచ్చూ లేదని, దాన్ని చూస్తే చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

తిట్టడానికి తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“మెయిను వేసిన. కరెంటు రాలె.”

హుంగే కదలలేదు. తరవాత ఒక చెయ్యి, దాని తరవాత రెండోది, నెమ్మదిగా బయటికి తీసుకుంది. గొంతు పెంచకుండా అడిగింది.

“తాళమున్నది గద అమ్మా?”

“నా దగ్గర చెవి ఉన్నది.”

ఆమె చొక్కా జేబులోంచి మూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు తీసి చీరల బల్ల మీద వరసగా పెట్టింది. నేను మూడింటికి తాళం ఇచ్చినప్పుడు మూత తీసి ఆమె సర్దింది వాటినే. పీకి జేబులో వేసుకుంది. అవి లేకుండా పిడి వందసార్లు ఎత్తినా పైకి కరెంటు రాదట.

 చీరల మూట మీద కూలబడ్డాను. ఆమె తన సీసాలో నీళ్ళు ఇచ్చింది. ఆ చేతులే ఇచ్చాయి, కాసేపటి కిందట తీగ మీదున్నవి. నాకు ఏడుపొచ్చింది.

తాళం వేశాక కూడా ఇవెందుకు పీకావని అడిగాను.

“చిన్నప్పుడు మా అమ్మతోటి చింతపండు గంప మోసుకొని మీ గోదాముకు వచ్చేదాన్ని. ఒకనాడు పెద్దసేటు తీసేటోడు, ఒకనాడు చిన్నసేటు తీసేటోడు. ఎవరి గుత్తి వాళ్ళదే, అయినా తాళం తెరుచుకొనేది. మీ తాళం ఎవలన్న తీస్తరని నాకు అప్పటి సంది ఎరికే.”

“ఎరికుంటే నాతోటి అనొద్దా? వేరేది అడగొద్దా?”

హుంగే తల దించుకుని తీగ చివర తుడిచింది.

“మీకు కోపమొస్తదని, అమ్మా.”

నా జన్మలో నన్ను ఎవరూ అంత మెత్తగా కొట్టలేదు. మా ఇంటిల్లిపాదీ నా కోపాన్ని తలుచుకుని నవ్వుకుంటారు, నేనూ అదో అలంకారంలాగా మోసుకు తిరిగాను. ఆ కోపానికి జడిసి ఒక మనిషి నోరు మూసుకుని, తన ప్రాణానికి తనే వేరే కాపలా పెట్టుకుంది. ఆమెకు ఆ తెలివి లేకపోతే ఇద్దరు బిడ్డలకు నేనేమని చెప్పేదాన్ని?

తప్పయిందన్నాను. అది కూడా నాకు అలవాటు లేని మాట, సరిగా రాలేదు.

కిందికి దిగి పిడి దించాను, తాళం వేశాను. వేశాక గాని తట్టలేదు, అదే తాళం. అందుకని మెయిను కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా పటం ముందు నూనెదీపం ఒక్కటే వెలుగుతోంది. ఎర్రబల్బు నల్లగా ఉంది. ఆయన క్షమిస్తారులే అనుకున్నాను.

పావుగంట కాలేదు, పక్క దుకాణం నుంచి మా మరిది కొడుకు వెంకన్న వచ్చాడు. పెద్దమ్మ దుకాణం చీకటిగా ఉందేమని చూడడానికి వచ్చాడు, మంచివాడు. మెయినుకు తాళం చూసి, తాళం వేశారేంది పెద్దమ్మా, నేను తీస్తానుండమంటూ నడుముకున్న గుత్తి తీశాడు. వాడి వేళ్ళ మధ్య మా ఆ చెవే మెరిసింది.

“ముట్టకు. పైన మనిషున్నది.”

వాడు నా మొహం చూసి గుత్తి దోపుకున్నాడు. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. పదకొండుమందిలో ఇంకా ఎవరు ఏ క్షణాన వస్తారోనని నేను స్టూలు కదల్లేదు.

ఏడు దాటాక హుంగే దిగి వచ్చింది. తాళం తీసి, మూడు ఫ్యూజులూ వాటి చోట పెట్టి, మూత వేసి, ఇప్పుడు వెయ్యండమ్మా అంది. నా చెయ్యి పిడి మీదికి పోలేదు. చేతులు చూపించమన్నాను. నవ్వుతూ పది వేళ్ళూ నా ముందు చాపింది. గ్రీజు మరకలు, చూపుడువేలికి చిన్న గీరు. నేను ఒక్కొక్క వేలూ చూసి అప్పుడు పిడి ఎత్తాను. ఎర్రబల్బు వెలిగింది. పైన మిషను మెల్లగా అందుకుంది.

చేతులు జోడించాను గాని, ఆ వేళ పటం వైపు తిరగడం మరిచిపోయాను. హుంగే కంగారుపడి రెండడుగులు వెనక్కి జరిగింది.

మరునాడు ఊరినుంచి తిరిగొచ్చిన చెన్నకేశవుల చేత బయటి దుకాణంలో మెయినుకని వేరే తాళం కొనిపించి, దాని రెండు చెవులూ హుంగేకే ఇచ్చేశాను. మా వంశంలో నేను తెరవలేని తాళం అదొక్కటే.

ఇప్పుడు సందెవేళ స్విచ్చు వేసే ముందు మెట్ల దగ్గరికి వెళ్ళి, పైన ఎవరన్నా ఉన్నారా అని కేకేస్తాను. పైన ఎవరుంటారత్తమ్మా, చీరలు తప్ప అని కోడలు వరలక్ష్మి మొదట్లో నవ్వేది. ఇప్పుడు తనే మెట్లెక్కి చూసి, ఎవరూ లేరని చెబుతుంది. ఆ మాట విన్నాకే నేను లైటు వేస్తాను.