అత్తగారి గ్రేడు

"ఇంట్లో ముసలామెను వదిలేసి, ఊళ్ళో ముసలివాళ్ళకి సేవ చెయ్యడానికి పోతావా బోరం వాళ్ళమ్మా? దానికి మళ్ళీ ఓ డిగ్రీ కూడానా?" అన్నాడు మొగుడు గిచోల్, సూప్‌లో అన్నం కలుపుకుంటూ. సునిమ్ నేలమీద కూర్చుని మేసిల్ అనే పుల్లటి పచ్చికాయల తొడిమలు తీస్తోంది. పది కిలోలు. చక్కెరలో ఊరవేస్తే ఏడాది పొడుగునా అత్తగారి అజీర్తికీ మొగుడి తాగుడు తలనొప్పికీ అదే మందు. పుల్లతో ఒక్కొక్క తొడిమా పెరుకుతుంటే గోళ్ళ సందులు మండుతున్నాయి. ఆ మాటకి జవాబు ఆమె దగ్గర లేక కాదు. ఈ ఇంట్లో జవాబు చెబితే ఆ పూట వంటకి వంక పెడతారు, అంతే. అందుకని ఇంకో కాయ తీసుకుంది.

నలభై నాలుగో ఏట సునిమ్‌కి సున్‌చోన్ పట్నంలోని సర్కారు యూనివర్సిటీలో సోషల్ వర్క్ సీటొచ్చింది, వయసు మీరినవాళ్ళకని విడిగా ఉంచే సీట్లలో. తరగతిలో అందరూ ఆమె కూతురు బోరం ఈడు పిల్లలే. మొదటిసారి జట్టుగా పని చెయ్యమన్నప్పుడు ఆ పిల్లలు చాలా మర్యాదగా, "స్లైడ్లు మేం చేస్తాం, మాట్లాడేదీ మేమే, మీరు కింబాప్ చుట్టుకురండి అక్కా" అన్నారు. వంట తప్పించుకుందామని చదువుకొస్తే అక్కడా వంటే. ఆ రోజు ఐదుగురికీ సముద్రపాచి రేకుల్లో అన్నం పెట్టి చుట్టుకెళ్ళింది. రెండోసారి మాత్రం, "ఈసారి కింబాప్ కొనుక్కుందాం, నేను మాట్లాడతాను" అంది. మాట్లాడింది కూడా. తర్వాత ఒక పాఠంలో ఎవరి కుటుంబపటం వాళ్ళని గీయమన్నారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి వృత్తం, ఎవరు ఎవర్ని చూసుకుంటే అటు బాణం. సునిమ్ కాగితంలో బాణాలన్నీ ఆమె వృత్తంలోంచే బయటికి పోయాయి. లోపలికి ఒక్కటీ రాలేదు. ప్రొఫెసరమ్మ ఆ కాగితం చూసి, ఇంట్లో ఎవరికైనా చూపించావా అని అడిగింది. చూపిస్తే, గీతలు బాగానే గీశావంటారు గిచోల్‌గారు, అనుకుంది సునిమ్.

ఇక మిగిలింది సెలవుల్లో నూట అరవై గంటల ఫీల్డు పని. ఊళ్ళో వృద్ధుల కేంద్రంలో, రోజుకి ఎనిమిది గంటలు. అది లేకపోతే లైసెన్సు లేదు, మూడేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే. పోయినేడాదే చెయ్యాల్సింది. మనిషి తన పనులు తాను చేసుకోలేదని సర్కారు తేల్చి ఇచ్చే సంరక్షణ గ్రేడు అత్తగారికి వస్తే రోజూ కాసేపు ఆయా వస్తుంది, ఆ ధైర్యంతో వెళ్ళొచ్చు అనుకుంది. పరీక్షించే ఆవిడ వస్తుందనగానే సునిమ్ ఇల్లంతా తుడిచింది, అత్తగారికి తలంటింది, లేతాకుపచ్చ జాకెట్టు తొడిగింది, పెదాలకి రంగు కూడా వేసింది. పరాయివాళ్ళ ముందు పడకలో కనబడితే ఇంటి పరువేం కాను? అత్తగారు అతిథికి స్వయంగా పుచ్చముక్క అందించారు, తేదీ తడుముకోకుండా చెప్పారు, లేచి నిలబడి చూపించారు. ఆ వచ్చినావిడ గుమ్మం దాటిందో లేదో కూర్చున్నచోటే తడిపేసుకున్నారు. గ్రేడు రాలేదు. అమ్మ గట్టిగా ఉందన్నమాట, సంతోషించక ఏడుస్తావేం అని గిచోల్ చేపల వేటకి పోయాడు. ఫీల్డు పని ఈ ఏటికి వాయిదా పడింది. ఇంకో వాయిదా ఉండదని విభాగంలో చెప్పేశారు. అది వచ్చే సోమవారం మొదలు.

ఇవాళ మళ్ళీ పరీక్ష. సునిమ్ ఇల్లు తుడవలేదు. మేసిల్ కాయలు నేలమీదే ఉన్నాయి. అత్తగారు మాత్రం తెల్లారగానే ఆ జాకెట్టు తెప్పించుకుని తొడిగించుకున్నారు. గిచోల్ ఒక పూట సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. పది గంటలకి వచ్చినావిడ యాభై ఏళ్ళ మనిషి, చేతిలో ఫారం. ఆవిడ అడిగినవాటికి అత్తగారు చకచకా జవాబులు చెప్పారు. అన్నం నేనే తింటాను, స్నానం నేనే చేస్తాను, బాత్రూముకి నేనే వెళ్తాను.

"అమ్మకేం, గుండ్రాయిలా ఉంది," అన్నాడు గిచోల్. "ఇంటిపట్టున కోడలుండగా ఆయా ఎందుకండీ? మా ఆవిడ చదువు సరదా కోసం పెట్టిన దరఖాస్తు ఇది."

సునిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. సరదా అట.

ఒకసారి లేచి చూపించమని ఆవిడ అడిగింది. అత్తగారు అరచేతులు నేలకానించి, అలవాటుగా కుడివైపుకి ఒరిగారు. అంతే, ఆ పక్కనే కూర్చున్న సునిమ్ చెయ్యి తనంతట తానే కదిలింది. అప్పుడర్థమైంది ఆమెకి. పోయినేడు లేచింది అత్తగారు కాదు, లేపింది తను. ఎంత అలవాటైపోయిందంటే ఆ చెయ్యి పరీక్షించడానికొచ్చిన మనిషికే కనపడలేదు. అది చాపిన తనకే తెలియలేదు. సునిమ్ ఆ చేతిని తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చుంది.

అత్తగారు ఒరిగారు. ఆసరా దొరకలేదు. ఇంకోసారి ప్రయత్నించి చతికిలబడ్డారు. కోడలి వైపు చూశారు. మనిషి మర్యాద కాపాడటమే మన వృత్తికి మొదటి మాటని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నది తనే. ఇప్పుడు ఆ మర్యాదే తీస్తోంది. సిగ్గేసింది. అయినా చెయ్యి తియ్యలేదు.

"చూస్తావేం, లేపు," అన్నాడు గిచోల్.

"మీరు లేపండి."

అతను లేచివచ్చి తల్లి మణికట్లు పట్టుకుని గుంజాడు. అత్తగారు కెవ్వుమన్నారు. పట్టు వదిలేశాడు. గదిలో మూత్రం వాసన లేచింది. వచ్చినావిడ కలం పక్కన పెట్టింది.

"నేను లేవలేనమ్మా," అన్నారు అత్తగారు, ఎవరి వైపూ చూడకుండా. "ఈ పిల్ల చెయ్యి వేస్తేనే లేస్తాను. నాలుగేళ్ళయింది. రాసుకో."

ఆ మాటతో సునిమ్‌కి ఏడుపొచ్చింది. లేచి, అత్తగారిని లేపి, బాత్రూముకి తీసుకెళ్ళి కడిగి, బట్టలు మార్చి తీసుకొచ్చింది. జడ వేస్తున్నప్పుడు అత్తగారు తల కాస్త వెనక్కి వాల్చి సునిమ్ గుండెకి ఆనించారు.

ఫలితం రావడానికి నెల పడుతుందనీ, కబురు ఎవరికి చెప్పమంటారనీ వచ్చినావిడ అడిగింది. గిచోల్ అలవాటుగా పెళ్ళాం వైపు గడ్డం ఎగరేశాడు. సునిమ్ అతని నంబరు రాయించింది. సోమవారం నుంచి పగటిపూట తను ఇంట్లో ఉండదని కూడా రాయించింది.

ఆవిడ వెళ్ళాక గిచోల్ తలుపేసి వచ్చాడు. "గ్రేడు వచ్చేదాకా ఆగలేవా? నాకు ఆఫీసుంది," అన్నాడు.

"చేపల వేటకని దాచుకున్న సెలవులున్నాయిగా."

"సెలవు పెడతాననుకో. అమ్మని ఎవరు లేపుతారు? నాకు చేతకాదని చూశావుగా."

సునిమ్ కాయల బుట్ట గోడవారకి జరిపి, అత్తగారి పక్కన అతనికి చోటు చేసింది.

"ఇలా కూర్చోండి. కుడిచెయ్యి ఆవిడ చంక కిందికి పోనివ్వండి. ఎడమచెయ్యి నడుం వెనక. గుంజకూడదు, ఆవిడతోపాటు మీరూ లేవాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. సోమవారం ఎనిమిదింటికి నా బస్సు."