ఆలస్యానికి కారణం

ఆ బుధవారం ఉదయం చేయవలసిన పనులు నా పుస్తకంలో ఇలా ఉన్నాయి:

హాల్లో గోడ గడియారం నాలుగూ ఇరవై దగ్గర ఆపాలి.
కోడలి ఎడమ చేతికి కట్టు. ముడి మణికట్టు లోపలివైపు.
బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు. నీళ్ళు సగానికి కొంచెం కింద.
నీలం సూట్‌కేసు. విరిగిన చక్రం కెమెరా వైపు.
బీరువా తాళంచెవి అత్తగారి కుడి చేతిలో.
అత్తగారి షాట్ జరిగేటప్పుడు మానిటర్ ముందు నిలబడి ఆవిడ నోరు చూడాలి.

మొదటి అయిదూ నా ఉద్యోగం. ఆరోది ఆవిడ నన్ను అడిగిన సాయం. అయిదూ సరిగ్గా చేశాను.

నేను ఒక టీవీ సీరియల్లో కంటిన్యుటీ చూస్తాను. ఒకే సంఘటనని రెండు మూడు రోజులు ముక్కలు ముక్కలుగా తీస్తారు కాబట్టి, నిన్న కుడి చేతిలో ఉన్న వస్తువు ఈ రోజు ఎడమ చేతిలోకి మారిపోకుండా రాసుకుని కాపలా కాయడం నా పని. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నాన్న బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. సంతకం నేర్చుకున్నది నేను ఆరో తరగతిలో ఉండగా, నా దగ్గరే. ఉద్యోగంలో చేరే ముందు రోజు ఆయన చెప్పింది ఒక్కటే, కాగితం మీద అబద్ధం రాయొద్దని. నోటిమాటైతే గాలికి పోతుంది గానీ కాగితం మనకన్నా ఎక్కువకాలం బతుకుతుందట.

అత్తగారంటే ఆ సీరియల్లో అత్తగారు. యూనిట్‌లో అందరికీ ఆవిడ అత్తగారే. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాడైన కెమెరామన్ కూడా "అత్తగారూ, కాస్త ఎడమకి" అంటాడు. ఆ కెమెరామన్‌ని మేమందరం బాబాయ్ అంటాం. ఈ లెక్కన ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చాలంటే ఒక వకీలు కావాలి.

ఆవిడ పంతొమ్మిదో ఏట నర్సు వేషంతో మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలోంచి వచ్చి "ప్రాణానికి భయం లేదండీ" అనాలి. అంతే వేషం. తర్వాత హీరోయిన్ స్నేహితురాలు, హీరోయిన్ చెల్లెలు, రెండేళ్ళపాటు హీరోయిన్. ముప్పై నాలుగో ఏట తనకన్నా మూడేళ్ళే చిన్నవాడైన నటుడికి తల్లయ్యారు. మొదటిరోజు షూటింగ్‌లో అతను కాళ్ళకి దండం పెట్టబోతుంటే ఇద్దరికీ నవ్వాగక నాలుగు టేకులు పోయాయని ఆవిడే చెప్పారు. నలభై దాటాక ఈ సీరియల్లో అత్తగారు.

డైరెక్టర్ కావడం అనుకోకుండా జరిగింది. పాత డైరెక్టర్ గారికి కామెర్లు వచ్చి షెడ్యూలు మధ్యలో మంచం పట్టారు. సెట్టు వేసి ఉంది, నటులు మేకప్ వేసుకుని కూర్చున్నారు. ఈ పూటకి నేను తీస్తానని ఆవిడ అన్నారు. ఆ పూట రెండు వందల పన్నెండు ఎపిసోడ్ల దాకా సాగింది. ఎవరైనా ఒక మాట అనగానే గదిలో ఉన్నవాళ్ళందరి ముఖాలూ మూడేసిసార్లు చూపించే అలవాటు మాన్పించింది ఆవిడే. "మనవాళ్ళు ఒక్కసారి చూస్తే గుర్తుపట్టలేరా?" అనేవారు. కోడలి పాత్రకి ఏడుపు తగ్గించి, ఉద్యోగం పెట్టించారు. ఇరవై ఏళ్ళు ఇతరులు చెప్పినచోట నిలబడ్డ మనిషి, ఎక్కడ నిలబడాలో చెప్పడం మొదలుపెట్టాక ఆవిడ నడకే మారిందని బాబాయ్ అంటాడు. పాత నడక నేను చూడలేదు. నాకు తెలిసిన అత్తగారికి ఆ కుర్చీ తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

కంటిన్యుటీ ఉద్యోగం నాకిచ్చింది ఆవిడే. అమ్మ నమ్మలేదు. "కోడల్ని మూడేళ్ళు రాచిరంపాన పెట్టిందే, ఆవిడ నీకు ఉద్యోగం ఇచ్చిందా?" అని రెండుసార్లు అడిగింది. మొదటిరోజు నేను నోట్సు ఎలా రాయాలని అడిగితే ఆవిడ, "ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. తెలివి చూపించకు," అన్నారు.

నోట్సుతో పాటు రోజువారీ రిపోర్టు కూడా నేనే రాసి చానల్‌కి పంపాలి. అందులో ఒక గడి ఉంటుంది, ఆలస్యానికి కారణం అని. నాకు ముందు పనిచేసినవాళ్ళు ఆ గడిలో ఎప్పుడూ ఒకే మాట రాసేవారు: లైటింగ్. నటుడు ఆలస్యంగా వచ్చినా లైటింగే, చీర మీద కాఫీ ఒలికినా లైటింగే. నాకు అది అన్యాయం అనిపించింది. బాబాయ్ పది నిమిషాల్లో లైట్లు సిద్ధం చేసి బీడీ కోసం జేబులు తడుముకుంటూ కూర్చునేవాడు. ఏ పాపం ఎరగని మనిషి మీద నింద ఎందుకని, ఏ కారణమైతే అదే రాశాను.

కారణం చాలా రోజులు అత్తగారే. ఇతరుల షాట్లు ఆవిడ మానిటర్‌లో చూస్తూ తీసేవారు. తన షాట్ తనకి కనబడదు కదా. అందుకని అయిన ప్రతిసారీ కెమెరా ముందునుంచి నడిచి వచ్చి, తీసింది వెనక్కి తిప్పి చూసుకునేవారు. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా "ఇంకొకటి చేద్దాం" అని వెళ్ళిపోయేవారు. అద్దం ముందు కూర్చుంటే ఆడవాళ్ళు లేవరని కో-డైరెక్టర్ చాటుగా నవ్వేవాడు. నేను రాశాను: నలభై నిమిషాలు, డైరెక్టర్ తన షాట్ చూసుకోవడం వల్ల. యాభై నిమిషాలు, అదే కారణం. ఆరు నెలలు, గుండ్రటి అక్షరాలతో.

ఒక సోమవారం ఉదయం చానల్ నుంచి ఒక సారు వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి, చాలా మర్యాదస్తుడు. మేకప్ గదిలో కూర్చుని సంచిలోంచి కాగితాల కట్ట తీశారు. అన్నీ నా రాతే. కొన్ని వాక్యాల కింద ఎర్ర గీతలు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ ఆ కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

"వారం చూద్దాం మేడమ్," అన్నారు ఆయన. "వెనక్కి తిప్పి చూసుకోవడం వద్దు. రోజూ ఆరింటికి షూటింగ్ ముగిస్తే మీరే డైరెక్టర్. కష్టమనుకుంటే, హాయిగా నటించుకోండి."

ఆయన వెళ్ళాక మేకప్ అక్క నన్ను వదల్లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే విన్నానుగానీ, నిమిషాలు లెక్కపెట్టడం నీ దగ్గరే చూశానంది. బాబాయ్ మెల్లగా వచ్చి, "లైటింగ్ అని రాస్తే నాకేం పోయేదే పిచ్చిదానా? ఇరవై ఏళ్ళుగా నేను మోస్తూనే ఉన్నాగా," అన్నాడు. అప్పుడు అర్థమైంది, అది నింద కాదని, అందరూ తలదాచుకునే గొడుగని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మధ్యాహ్నం అత్తగారు నన్ను పిలిచారు. తిడతారని సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పారు. డైరెక్టర్‌గా అందరి డైలాగులూ ఆవిడకి కంఠతా వచ్చు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే, తనకి తెలియకుండానే తన పెదాలు ఆ మాటలతో పాటు కదులుతున్నాయట. ఆపుకుందామంటే ముఖం బిగుసుకుపోతోందట. ఆరు నెలలుగా మానిటర్‌లో వెనక్కి తిప్పి చూసుకుంటున్నది అదొక్కటే.

"కో-డైరెక్టర్‌కి చెబితే సాయంత్రానికి చానల్‌కి తెలుస్తుంది. నువ్వు చూడు. గడియారం, గ్లాసు తర్వాత. నా నోరు చూడు. కదిలితే ఇంకో టేక్ అను. అంతే."

"నా వల్లే కదండీ ఇదంతా," అన్నాను.

"నువ్వేమన్నా అబద్ధం రాశావా? వెళ్ళు, ఏడవకు. నా సీరియల్లో ఏడుపు తగ్గించాను," అన్నారు.

సోమ, మంగళవారాలు బాగా గడిచాయి. రెండుసార్లు పెదాలు కదిలాయి, రెండుసార్లూ చెప్పాను, ఆరు కాకముందే ముగించాం. బుధవారం వచ్చింది పెద్ద సీను. వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోతున్నానని కోడలు చెబుతుంది. అత్తగారు ఒక్కమాటా మాట్లాడకుండా విని, బీరువా తాళంచెవి ఆ పిల్ల చేతిలో పెడుతుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో, మధ్యలో ఎక్కడా కట్ లేకుండా నాలుగు నిమిషాలు. ముక్కలు చేసి తీద్దామని కో-డైరెక్టర్ అన్నాడు. ఆవిడ వినలేదు. ముక్కలు చేస్తే ఆ మౌనం మిగలదన్నారు.

యాక్షన్ అని తనే చెప్పి, కెమెరా ముందు తనే అత్తగారై నిలబడ్డారు. కోడలు మాట్లాడటం మొదలుపెట్టింది. నేను నోరు చూస్తున్నాను. నిమిషం దాటింది. అప్పుడు ఆవిడ బీరువా వైపు తిరిగి తాళంచెవి తీసుకున్నారు. ఎడమ చేత్తో.

దీని తర్వాత వచ్చే ముక్క నిన్ననే తీశాం, అందులో కోడలి వేళ్ళు మూసి పట్టుకున్నది కుడి చెయ్యి. నా కళ్ళు ఆ చేతిమీదికి దిగి, అక్కడే ఉండిపోయాయి. మార్చుకోండి, మార్చుకోండి అని లోపల గొణుక్కున్నాను. చాలాసేపటికి ఆవిడ తాళంచెవిని ఎంతో సహజంగా కుడి చేతిలోకి మార్చుకున్నారు. దాన్ని కోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. కట్టు ముడి లోపలివైపే ఉంది. విరిగిన చక్రం ఇటే ఉంది. బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎలా ఉందమ్మా?" అని ఆవిడ అక్కణ్ణించే అడిగారు.

ఓకే అన్నాను. ప్రాణం లేచొచ్చినట్టయి, కొంచెం గట్టిగానే అన్నాను.

శనివారం చానల్ ఆఫీసులో ఎడిట్ చేసిన ఎపిసోడ్ వేసి చూశారు. పొడవాటి బల్ల, ఆరుగురు మనుషులు, ఒక చివర అత్తగారూ నేనూ, గోడకి పెద్ద తెర. సెట్లో మా మానిటర్ అరచెయ్యంత ఉంటుంది. ఇక్కడ అత్తగారి ముఖం గోడంత ఉంది. "మీరు తలుపు మూయలేదు, నేనే ఇన్నాళ్ళూ తియ్యలేదు" అని కోడలు అంటోంది. అత్తగారి పెదాలూ అవే మాటలు అంటున్నాయి. నేను చెయ్యి చూస్తూ ఉండిపోయిన నిమిషమున్నర పాటూ.

"అత్తగారు కోడలికి డబ్బింగ్ చెబుతున్నారా ఏంటి?" అని ఒకాయన అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు. చెడ్డవాళ్ళేం కాదు, నవ్వొచ్చింది, నవ్వారు. కట్ లేని షాట్ కాబట్టి మధ్యలో ఇంకో ముఖం వేసి కప్పడానికి లేదు. మళ్ళీ తీద్దామంటే అప్పటికే సెట్టు మార్చేశారు. సోమవారం ప్రసారం.

తప్పు నాదని చెప్పడానికి నేను లేచాను. బల్ల కింద ఆవిడ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు.

"రెండు పడవల మీద ప్రయాణం ఎవరికైనా కష్టమే మేడమ్," అన్నారు చానల్ సారు. రోజూ ఆరింటికే ముగించాం అని నేను రాసిన అయిదు రిపోర్టులు ఆయన ముందే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ తెరవలేదు.

సోమవారం ఆ ఎపిసోడ్ వచ్చింది. ఫోన్లలో ఆ ముక్క కత్తిరించి నవ్వుకున్నారట. మా ఇంట్లో అమ్మ నవ్వలేదు. పొయ్యి కట్టేసి వచ్చి నిలబడి చూసి, "ఆ పిల్ల చెప్పేదంతా ఈవిడకి ముందే తెలుసు పాపం," అంది. ఆ మాట ఆఫీసులో చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఇప్పుడు కో-డైరెక్టరే డైరెక్టర్. ముఖాలు మళ్ళీ మూడుసార్లు చూపిస్తున్నారు. అత్తగారు వేళకి వస్తారు, చెప్పినచోట నిలబడతారు, షాట్ అవగానే మేకప్ గదికి వెళ్ళిపోతారు. మానిటర్ వైపు రారు. పెదాలు కదలడం ఆగిపోయింది, ఇప్పుడు ఆవిడ డైలాగులే ఆవిడకి ఇస్తున్నారు. కొత్త డైరెక్టర్ గంట ఆలస్యంగా వచ్చిన రోజున నా వెనక నిలబడి, "లైటింగ్ అని రాయమ్మా," అన్నారు. రాశాను. బాబాయ్ చూసి, అటు తిరిగాడు. నాన్నకి చెప్పలేదు.

ఆ సీరియల్ పాత ఎపిసోడ్లు మధ్యాహ్నాలు మళ్ళీ వేస్తున్నారు. చివర పేర్లు ఎవరూ చదవలేనంత వేగంగా పోతాయి, ఆవిడ పేరూ అందులోనే పోతుంది. కాబట్టి ఒక్కటి అడుగుతాను. ఎప్పుడైనా మీ టీవీలో, విరిగిన చక్రం ఉన్న నీలం సూట్‌కేసు పక్కన ఒక కోడలు మాట్లాడుతుంటే, ఒక అత్తగారి పెదాలు ఆ మాటలే పలుకుతుంటే, నవ్వొస్తే నవ్వండి. నవ్వాక, ఆ నాలుగు నిమిషాలు కట్ లేకుండా తీసింది ఆ పెదాల మనిషేనని గుర్తుపెట్టుకోండి.